ఏటికొప్పాక రంగులు

విశాఖకు ఉక్కు ఎంత పేరో, ఎలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకకు లక్కబొమ్మ అంత పేరు. లేతు మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఆనించగానే, ఆ రాపిడి వేడికే కరిగి కర్రకు పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే, అబ్బ, ఏం మెరుపు! మధ్యలో రసాయన రంగులు వచ్చిపడ్డాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు అవేం రంగులు? ఆ ఊరి సి.వి. రాజు పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగులను మళ్లీ వాడకంలోకి తెచ్చారు. 2017లో బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చాయి. ఇక చిక్కల్లా కర్రతోనే. అంకుడు కొమ్మ నరికితే మళ్లీ చిగురిస్తుంది గానీ, గిరాకీకి ఆ వేగం చాలదు. నన్నడిగితే, కొత్త బహుమతులకన్నా ముందు ఊరి చుట్టూ అంకుడు తోటలు కావాలి.