22 రైఫిల్ మాటిమాటికీ జామ్ అవుతోందా? ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి

డాలస్ పక్కన మన గరాజ్‌లోంచి ఇంకో ఎపిసోడ్. ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, 22 సెమీ ఆటో కొన్నాను, మొదట్లో బాగానే కాల్చింది, ఇప్పుడు మూడో తూటాకో నాలుగో తూటాకో ఇరుక్కుపోతోంది. స్ప్రింగ్ మార్చాలా, బోల్ట్ మార్చాలా, ఏ పార్ట్ ఆర్డర్ పెట్టమంటావు?" ఏదీ వద్దు. కార్ట్‌లో పెట్టినవన్నీ తీసేయండి. ఇవాళ ఎక్కువగా రూగర్ 10/22 గురించి మాట్లాడతాను. 1964 నుంచి తయారవుతున్న గన్ అది, ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో నాకు ఎక్కువ కనిపించేదీ అదే. మార్లిన్ మోడల్ 60 లాంటివి ఉన్నవాళ్లకి కూడా చాలావరకు ఇదే వర్తిస్తుంది. దానికి తూటాలు గొట్టంలోంచి వస్తాయి, తేడా అంతే.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక మాట. దీన్ని స్కిప్ చేయొద్దు. ఎఫ్-1 మీదో హెచ్-1బి మీదో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొంటేనే నేరం అనుకోకండి. రేంజ్‌లో ఫ్రెండ్ గన్ పది నిమిషాలు చేతిలోకి తీసుకున్నా అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. మినహాయింపులు ఉన్నాయి. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉండటం వాటిలో ఒకటి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. 2022లో చట్టం మార్చాక దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. వీసా సంగతి వేరే చెప్పక్కర్లేదు. "వీకెండ్ సరదాగా వెళ్దాం రా మచ్చా" అని పిలిచేవాడికి ఇది తెలియకపోవచ్చు, రేంజ్ కౌంటర్‌లో వాడూ అడగకపోవచ్చు. మీకు తెలిసి ఉండాలి. ఏమాత్రం అనుమానం ఉన్నా గన్ ముట్టుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఇన్‌స్టాలో ఫొటో పెట్టాక అడిగితే ఆయన చేయగలిగేది తక్కువ.

సరే, గన్ దగ్గరికి వద్దాం. అది ఎలా పనిచేస్తుందో అర్థమైతే ఎందుకు ఆగుతోందో సగం మీకే తెలిసిపోతుంది. ఈ రైఫిల్‌లో బోల్ట్‌కి తాళం ఏమీ ఉండదు. దాని బరువు, వెనకాల ఒక స్ప్రింగ్, అంతే. తూటా పేలగానే గ్యాస్ ఖాళీ కేస్‌ని వెనక్కి తోస్తుంది. ఆ కేస్ బోల్ట్‌ని తోస్తుంది. వెనక్కి పోయే దారిలో ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం కేస్ అంచు పట్టుకుని లాగుతుంది, ఎజెక్టర్ దాన్ని బయటికి తన్నుతుంది. స్ప్రింగ్ బోల్ట్‌ని మళ్లీ ముందుకి నెడుతుంది, అది వస్తూ వస్తూ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా ఒకటి లాక్కుని ఛాంబర్‌లోకి దూరుస్తుంది. ఇంత పనికీ శక్తి ఎక్కడిది? ఆ వేలి కొసంత తూటాలోదే. పెద్ద రైఫిల్ అయితే కాస్త మురికి ఉన్నా బలంతో నెట్టుకుపోతుంది. దీనికి అంత మిగులు లేదు. కాస్త జిడ్డు చేరినా బండి ఎడ్ల మెడ మీద ఇంకో బస్తా వేసినట్టే.

పైగా ఈ తూటాయే మురికి సరుకు. పెద్ద తూటాల్లో బులెట్ కేస్ లోపల కూర్చుంటుంది. 22లో బులెట్ కేస్‌తో సమానమైన లావు, దాని మడమ భాగం మాత్రమే లోపలికి దిగుతుంది. మిగతాదంతా బయటే. మెత్తటి సీసం, దానిమీద మైనం లాంటి పూత. ఆ మైనం, బారుతో పాటు వచ్చే మసి, సీసం పొడి, మీరు ప్రేమగా పోసిన నూనె... నాలుగూ కలిస్తే ఏమవుతుందో తెలుసా? మన ఇంట్లో పొయ్యి వెనక గోడ మీద పేరుకునే జిడ్డు ఉంటుంది చూడండి, అచ్చం అది. అదే బోల్ట్ ముఖం మీద, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద, ఛాంబర్ అంచున కూర్చుంటుంది.

ఇప్పుడు జబ్బు ఎక్కడుందో పట్టుకుందాం. ఎలా ఆగిందో చూడటమే ఇక్కడ అసలు పని. గన్ ఆగగానే విసుగుతో బోల్ట్ టకటకా లాగేయకండి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, ఒక్కసారి ఎజెక్షన్ సందులోంచి చూడండి. కొత్త తూటా ముక్కు పైకి లేచి ఛాంబర్ అంచుకి గుద్దుకుని ఉందా? అయితే మ్యాగజైన్ మీద అనుమానపడాలి. ఖాళీ కేస్ పొగగొట్టంలా నిలబడి బోల్ట్ కింద నలిగిందా? అంటే బోల్ట్ కావలసినంత వెనక్కి వెళ్లలేదు. మురికైనా అయి ఉండాలి, బలం లేని తూటా అయినా అయి ఉండాలి, ఎక్స్‌ట్రాక్టర్ సరిగా పట్టుకోకపోయైనా ఉండాలి. ఖాళీ కేస్ ఛాంబర్‌లోనే ఉండిపోయి వెనకాల ఇంకో తూటా పొడుస్తోందా? ఛాంబర్ మురికి, లేకపోతే ఎక్స్‌ట్రాక్టర్. బోల్ట్ ముందుకొచ్చింది గానీ వెంట్రుకవాసి సందు మిగిలిందా? ఛాంబర్‌లో మసి వలయం కట్టి ఉంటుంది. అరచేత్తో గుద్ది మూయకండి, తీసి చూడండి.

మ్యాగజైన్లకి మార్కర్‌తో 1, 2, 3 అని నంబర్లు వేయండి. ఇది ఖర్చు లేని వైద్యం, కానీ ఎవరూ చేయరు. ఒకే తూటా రకంతో మూడూ కాల్చండి, ఏది ఎప్పుడు ఆగిందో ఫోన్‌లో నోట్ చేయండి. 2వ నంబర్ ఒక్కటే మొరాయిస్తే గన్ జోలికి వెళ్లక్కర్లేదు. మూడూ మొరాయిస్తే తూటా మార్చి చూడండి. నా దగ్గర అడిగేవాళ్లలో చాలామంది "స్టాండర్డ్ వెలాసిటీ" అని రాసి ఉన్న పెట్టె కొని ఉంటారు. సిసిఐ స్టాండర్డ్ వెలాసిటీ 40 గ్రెయిన్ తూటా సెకనుకి 1070 అడుగులు. అదే కంపెనీ మినీ మ్యాగ్, అదీ 40 గ్రెయినే, 1235 అడుగులు. టార్గెట్ మీద మొదటిది మంచిదే కావచ్చు, కానీ బోల్ట్ తోయడానికి రెండోది బలమైనది. ఒక్కో గన్‌కి ఒక్కో రుచి. పక్కవాడి గన్‌కి నచ్చింది మీదానికి నచ్చాలని రూలేం లేదు. తూటా మార్చినా తగ్గకపోతే అప్పుడు మురికి, ఆ తర్వాతే పార్ట్‌లు.

ఇక్కడ ప్రమాదం మాట. ఈ వీడియోలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుండాలి. పెద్ద తూటాలో నిప్పు పుట్టించే మందు కేస్ వెనక మధ్యలో ఉంటుంది. 22లో అది అంచు చుట్టూ ఉంటుంది, అందుకే రిమ్‌ఫైర్ అన్నారు. అంటే ఆ అంచు మీద ఎక్కడ నొక్కినా పేలే అవకాశం ఉంది. ఇరుక్కున్న తూటాని స్క్రూడ్రైవర్‌తోనో జేబు కత్తితోనో అంచు పట్టి లేపడం అంటే అగ్గిపుల్ల గీసినట్టే. ఛాంబర్ బయట పేలితే బులెట్ కంటే ఆ ఇత్తడి కేస్ ముక్కలే ఎక్కువ ఎగురుతాయి, కంటిని చూసుకునే ఎగిరినట్టు ఉంటాయి. కళ్లద్దాలు తప్పనిసరి. ముందు మ్యాగజైన్ తీసేయండి, బోల్ట్ వెనక్కి లాగి పట్టుకోండి, తూటా దానంతట అది పడకపోతే చెక్క పుల్లతో బులెట్ పక్క నుంచి మెల్లగా కదపండి. అది కూడా రాకపోతే రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి, సిగ్గేం లేదు. ఛాంబర్‌లో బతికున్న తూటా ఉండగా గొట్టం ముందు నుంచి రాడ్ పెట్టి పొడవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

"క్లిక్" మని పేలలేదా? గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. మామూలు శబ్దం బదులు "టుప్" మని వచ్చిందా? అయితే ఆట ఆపేయాలి. ఖాళీ చేసి గొట్టంలో బులెట్ ఇరుక్కుందేమో చూడాలి. దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది.

క్లీనింగ్‌కి వద్దాం. సామాను పెద్దదేం కాదు. పాత టూత్‌బ్రష్, పాత బనియన్ గుడ్డ ముక్కలు, గన్ ఆయిల్, సాల్వెంట్, గొట్టంలోంచి లాగే తాడు బ్రష్. ఇంకోటి, అగరబత్తి వెలిగాక మిగిలే వెదురు పుల్ల. నవ్వకండి. ఎక్స్‌ట్రాక్టర్ కింది మైనం తీయడానికి దాన్ని మించింది నాకు దొరకలేదు, ఇనుము మీద గీత పడదు.

మ్యాగజైన్ తీశారా, బోల్ట్ లాగి ఛాంబర్ కళ్లతో చూశారా, చిటికెన వేలితో తడిమారా. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. 10/22లో స్టాక్‌కి కింద ఒకే స్క్రూ, కొన్ని మోడళ్లలో ముందు ఒక బ్యాండ్ ఉంటుంది. సేఫ్టీ బటన్ సగంలో పెడితేగానీ రిసీవర్ స్టాక్‌లోంచి రాదు, అక్కడే చాలామంది బలం ఉపయోగించి చెక్క పగలగొడతారు. తర్వాత రెండు పిన్నులు తోస్తే ట్రిగ్గర్ గ్రూప్ మొత్తం ఒక ముక్కగా వచ్చేస్తుంది. వెనకాల బోల్ట్ స్టాప్ పిన్ లూజుగా ఉంటుంది, జారి కింద పడుతుంది, కాబట్టి కింద టవల్ పరవండి. ప్రతి దశకీ ఫోన్‌తో ఫొటో. ట్రిగ్గర్ గ్రూప్ లోపల మాత్రం విప్పకండి, బ్రష్‌తో దులిపి వదిలేయండి. ప్లాస్టిక్ భాగాల మీద కారు బ్రేక్ క్లీనర్ కొట్టకండి.

బోల్ట్ ముఖం, కొక్కెం కింద, రిసీవర్ లోపలి గోడలు, ఇక్కడే అసలు మురికి. ఛాంబర్‌ని సాల్వెంట్ తడిపిన కంచు బ్రష్‌తో కాసేపు తిప్పి తుడవండి. ఖరీదైన మ్యాచ్ బ్యారెల్ వేసుకున్నవాళ్లకి ఛాంబర్ బిగుతుగా ఉంటుంది, వాళ్లకి మసి ముందే ఇబ్బంది పెడుతుంది. డబ్బు ఎక్కువ పెట్టినందుకు క్లీనింగ్ కూడా ఎక్కువ అన్నమాట. గొట్టాన్ని మాత్రం ప్రతిసారీ తోమక్కర్లేదని నా అభిప్రాయం. ఈ గన్ రిసీవర్ వెనక మూసి ఉంటుంది, రాడ్ ముందు నుంచే పెట్టాలి. అలా పదేపదే పెడితే గొట్టం కొస అరిగి గురి పోతుంది. తాడు బ్రష్‌ని ఎజెక్షన్ సందులోంచి ఛాంబర్‌లోకి వదిలి ముందుకి లాగండి, ఒకటి రెండుసార్లు, చాలు.

మ్యాగజైన్‌లో తిరిగే చక్రం ఉంటుంది, దానికి స్ప్రింగ్ బిగువు ఉంటుంది. విప్పితే ఆ బిగువు పోతుంది, మళ్లీ ఎంత తిప్పాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంది, అది ఉచితంగా దొరుకుతుంది, చూసి చేయండి. అంత ధైర్యం లేకపోతే బయటినుంచి దులిపి, ఒక్క తూటా పెట్టి వేలితో నొక్కి చక్రం హాయిగా తిరుగుతోందో లేదో చూడండి. పైన తూటా పట్టుకునే పెదవులు వంగితే పట్టకారుతో సరిచేయకండి, కొత్తది కొనండి. మ్యాగజైన్ లోపల నూనె వద్దు, పొడిగానే ఉండాలి. తూటాలు జేబులో విడిగా వేసుకుంటే మైనానికి దారాలు, దుమ్ము అంటుకుని అన్నీ లోపలికే వెళ్తాయి.

నూనె విషయంలో మనవాళ్లకో అలవాటు ఉంది. ఊళ్లో తాతలు ఏ ఇనుముకైనా కొబ్బరి నూనె రాసేవారు. ఇక్కడ చలికాలం గరాజ్‌లో అది నెయ్యిలా గడ్డకడుతుంది. వంట నూనెలు ఏవైనా నాళ్లు గడిచేకొద్దీ బంకలా మారతాయి. గన్ ఆయిలే వాడండి, బోల్ట్ జారే చోట రెండు మూడు చుక్కలు వేసి, గుడ్డతో తుడిచేయండి. వేలికి తడి తెలియాలి, చుక్క కారకూడదు. ఛాంబర్‌లో ఒక్క చుక్క కూడా వద్దు.

బిగించాక ఖాళీగానే బోల్ట్ నాలుగుసార్లు లాగండి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ కదలట్లేదని చూడండి. రేంజ్‌కి వెళ్లి మొదట రెండే రెండు తూటాలు పెట్టండి. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే పేలాలి, రెండోది దానంతట అది ఎక్కాలి. రెండూ ఒకేసారి పేలితే అక్కడితో ఆపి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. అంతా బాగుంటే అప్పుడు పది. అయిదొందల తూటాలకోసారి ఇలా విప్పితే నాకైతే సరిపోతోంది. చవకైన బల్క్ పెట్టెలు వాడితే ఇంకాస్త ముందే.

డైనింగ్ టేబుల్ మీద ఈ పని పెట్టుకోకండి, అన్నం తినే చోటు అది. ఆ నల్లటి మురికిలో సీసం ఉంది. పని అయ్యాక చన్నీళ్లు, సబ్బుతో చేతులు కడగండి, గుడ్డ ముక్కలు పారేయండి. ఇంట్లో చంటిపిల్లలుంటే చొక్కా మార్చుకున్నాకే ఎత్తుకోండి. గన్ లాక్‌లో, తూటాలు వేరే లాక్‌లో.

ఇండియాలో ఉండి చూస్తున్న తమ్ముళ్లూ, మీరు లైసెన్స్ లేకుండా ఇవేవీ ప్రయత్నించకూడదు. ఆసక్తి ఉంటే షూటింగ్ క్లబ్‌కి వెళ్లండి. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్‌కి 2012 లండన్‌లో కంచు పతకం వచ్చింది ఎయిర్ రైఫిల్‌లో, కానీ ఆయన 50 మీటర్ల ప్రోన్‌లో పడుకుని కాల్చింది ఇదే 22 తూటా. దాంట్లో ఒక్కొక్కటీ చేత్తో పెట్టుకోవాలి, కాబట్టి మ్యాగజైన్ గొడవే లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో మోడల్ 60 గొట్టం మ్యాగజైన్ విప్పి చూపిస్తాను. దాని లోపలి స్ప్రింగ్ చూసి ఎవరూ భయపడకండి. ఉంటాను మరి.