ఏలూరు తివాచీ: ముడి వేసిన చేతికి పేరేది?



తుర్క్‌మెనిస్తాన్ దేశపు జెండాపై కర్ర వైపున ఒక ఎర్రని నిలువు పట్టీ ఉంటుంది. అందులో అయిదు తివాచీ నమూనాలు కనిపిస్తాయి. అవి అక్కడి అయిదు ప్రధాన తెగలవి. తల్లి కూతురికి నేర్పుతూ వచ్చిన ఆ ఉన్ని తివాచీ కళను 2019లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

అది మనకెందుకని అనుకోవద్దు. గోల్కొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ తుర్క్‌మెన్ వంశీయుడే. ఆ తెగ పేరు కరా కొయున్లు, అనగా నల్లగొర్రెల వారు! 16వ శతాబ్దిలో గోదావరి తీరం ఆ వంశపు ఏలుబడిలోకి వచ్చింది. ఏలూరుకు తివాచీ పనిని తెచ్చినవారు పర్షియా నుండి వచ్చిన ముస్లిం కుటుంబాలని పరంపరగా చెప్పుకుంటున్నాము. తుర్క్‌మెన్ల పనే ఇక్కడికి వచ్చిందని మేము అనము. అయితే పని తీరు ఒక్కటే: పడుగు దారాలకు ఉన్నిని ఒక్కొక్క ముడిగా వేయడం, పేక నడిపి పంజాతో దట్టించడం, కత్తెరతో సమం చేయడం.

ఒక చిన్న లెక్క చూడండి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల తివాచీలో చదరపు అంగుళానికి 100 ముడులు వేస్తే మొత్తం 3,45,600 ముడులవుతాయి. ఒక చేయి రోజుకు 6 వేలు వేస్తుందనుకున్నా 57 రోజులు దాటుతుంది. అన్నాళ్లు వంగిన నడుముకు ముట్టేదెంత, అంగడిలో పలికే ధర ఎంత? ఆ ఇంటి పిల్లలు మగ్గం వదిలి ఆటో నడుపుతుంటే మేము తప్పు పట్టలేము.

మరొక చిక్కు ఉన్నది. కూర్చునేది మగ్గం ముందే, కాని ముడి తివాచీ పని ప్రభుత్వ లెక్కలో చేనేత కాదు, హస్తకళ. ఏ శాఖ గడప తొక్కాలో తెలియక తిరిగి వచ్చేవారు కలరు. హస్తకళాకారులకు కేంద్రం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు కొరకు దరఖాస్తు చేయించుట మన యువకులు ఒక ఆదివారం పూనుకుంటే జరిగే పని.

ఇంకొక్కటి. మీ ఇంట పాత తివాచీ ఉన్నచో వెనుకకు తిప్పి చూడండి. ముడులన్నీ కనబడతాయి, వేసినవారి పేరు కనబడదు. ఆ పేర్లు చెప్పగల ముసలివారు తంగెళ్లమూడి వైపు ఇంకా ఉండవచ్చును. వెళ్లి అడగండి, తండ్రి పేరుతో సహా రాసుకోండి.