రుచి పరీక్షలో జ్ఞాపకం పాత్ర

రెండు పానీయాల తీపిలో తేడా పట్టాలంటే మొదటి గుక్క రుచి రెండో గుక్క దాకా గుర్తుండాలి. సింగపూర్‌లో ఈ సంగతికి ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది. అక్కడ 2022 డిసెంబరు 30 నుంచి ప్యాక్ చేసిన పానీయాలకు న్యూట్రి-గ్రేడ్ అనే గ్రేడింగ్ విధానం అమలవుతోంది. 100 మిల్లీలీటర్లలో చక్కెర 10 గ్రాములు దాటితే ‘డి’ గ్రేడు, డబ్బా మీద ఆ ముద్ర తప్పదు. కంపెనీలు చక్కెర తగ్గించాలి, కొనేవాళ్లకు తేడా తెలియకూడదు.

అది తేల్చడానికి వాడే పద్ధతుల్లో ఒకటి త్రికోణ పరీక్ష. మూడు కప్పులిస్తారు, రెండింట్లో ఒకటే పానీయం, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. మూడో కప్పు నోట్లో ఉండగా మొదటిది మసకబారుతుంది. నీళ్లతో పుక్కిలిస్తే నాలుక శుభ్రపడుతుంది గానీ, గుక్కకూ గుక్కకూ మధ్య ఎడం పెరిగి జ్ఞాపకం ఇంకాస్త జారుతుంది. ఇది తప్పించుకోలేని ఇరకాటమే. మళ్లీ రుచి చూడనిస్తే కొంత మేలు.

‘రెండింట్లో ఏది ఎక్కువ తియ్యన?’ అని అడిగితే అదే మనుషులు మెరుగ్గా చెబుతారు. దీనికి ముఖ్య కారణం పోల్చే తీరు మారడం. జ్ఞాపకం మీద భారం తగ్గడమూ కొంత తోడవుతుంది.

కోపిటియమ్‌లో, అంటే అక్కడి కాఫీ కొట్టులో, ‘సియు డాయ్’ అని తీపి తగ్గించి కాఫీ అడిగేవాళ్లకు పక్కన రెండో కప్పు ఉండదు. వాళ్లు పోల్చుకునేది నిన్నటి కప్పుతోనే. చక్కెరను కొద్దికొద్దిగా తగ్గించే తయారీదారులకు కలిసొచ్చేది అదే.