ఉమ్మడి నీరు – ఉమ్మడి కట్టుబాటు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము చెప్పబోవు విషయము మీకు మొదట దూరమైనదిగా తోచవచ్చును. ఉత్తర ఐరోపాలోని నార్వే దేశమున సాల్మన్ అను చేపను ఎట్లు పెంచి, ఎట్లు అంగడికి చేర్చుచున్నారో వివరింపదలచినాము. అది చలి నీటి చేప. మన కృష్ణా గోదావరుల నీటిలో అది బ్రతుకజాలదు. కావున దానిని తెచ్చి మన చెరువులలో వేయుడని చెప్పుటకు మేము రాలేదు. పదిమంది వాడుకొను నీటిలో చేపలు పెంచువారు ఎట్టి కట్టుబాటునకు లోబడవలెనో, అది తప్పిననాడు ఏమి జరుగునో ఆ చేప కథ వలన చక్కగా తెలియుచున్నది. అందుచేతనే దానిని మీ ముందుంచుచున్నాము.

సాల్మన్ ఏటి మంచినీటిలో పుట్టి, సముద్రమునకు పోయి పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల ఏటికే వచ్చును. పెంపకందారులు ఈ స్వభావమునే అనుసరించిరి. 1970లో నార్వేలోని హిత్రా దీవియందు ఇద్దరు అన్నదమ్ములు సముద్రముపై తేలెడు వలగూటిలో 20 వేల సాల్మన్ పిల్లలను విడిచి, పెంచి, కృతార్థులైరి. ఆనాటి చిన్న ప్రయత్నము నేడు ఏటా 10 లక్షల టన్నులకు మించిన పంటగా విస్తరించినది.

పెంపకము ఒడ్డున మొదలగును. తల్లిచేప బరువులో కిలో ఒక్కింటికి సుమారు 1,500 గ్రుడ్లు లభించును. 8 డిగ్రీల చల్లని మంచినీటిలో ఉంచినచో రెండు నెలలకు అవి పిల్లలగును. తొలి కొన్ని వారములు పిల్లకు మేత అక్కరలేదు. కడుపునకు అంటియున్న గ్రుడ్డు సొనయే దానికి ఆహారము. పిదప పొడిమేత అలవాటు చేయుదురు. ఇంచుమించు ఒక యేడాది తొట్లలో పెరిగిన పిల్ల 100 గ్రాములో, అంతకు మించియో తూగును. అప్పుడు దాని ఒంటి మచ్చలు మరుగుపడి వెండివలె మెరయును. ఉప్పునీటికి తాళగల శక్తి దానికి కలుగును. ఆ మార్పు రాకముందే సముద్రమున విడిచినచో అది నిలువదు. విడుచుటకు ముందు ప్రతి పిల్లకును, మరల చెప్పుచున్నాము, లక్షలలో ప్రతి యొక్క పిల్లకును టీకా వేయుదురు.

తరువాతి ఘట్టము సముద్రములోని వలగూళ్లది. కొండల నడుమకు చొచ్చుకొనివచ్చిన సముద్రపు పాయలలో పెద్ద గుండ్రని గూళ్లను లంగరువేసి నిలిపెదరు. ఒక గూటిలో 2 లక్షల చేపలకు మించి ఉండరాదని అచ్చటి చట్టము. ఘనపు మీటరు నీటిలో 25 కిలోల చేపకు మించరాదు. అనగా గూటిలో నూటికి 97 పాళ్లకు పైగా నీరే ఉండవలెను. చేపపిండి, చేపనూనె, సోయా మొదలగు వానితో చేసిన గుళికలే మేత. కిలో చేప పెరుగుటకు ఇంచుమించు కిలోంబావు మేత పట్టును. ఏడాదికి పైగా, రెండేండ్లలోపుగా చేప 4, 5 కిలోల బరువునకు వచ్చును.

అమ్మకమునకు ముందు కొన్ని దినములు మేత ఆపుదురు. నీటి తొట్లుగల పడవలలో చేపలను ప్రాణముతోనే కర్మాగారమునకు చేర్చి, స్పృహ తప్పించి, నెత్తురు తీసి, కడుపు శుభ్రము చేసి, తరగతులుగా ఏర్పరచెదరు. మంచుగడ్డతోబాటు పెట్టెలలో సర్ది లారీలలో ఐరోపా నగరములకును, విమానములలో ఆసియా దేశములకును పంపుదురు. గాయములున్న చేపను కోసి బాగుచేయనిదే దేశము దాటనీయరు. ఒకరి నాసిరకపు సరుకు అందరి పేరును చెరచునని వారెరుగుదురు.

ఇంతవరకు వారి నేర్పును చెప్పినాము. వారు తిన్న దెబ్బలను గూడ చెప్పవలెను. 1987 ప్రాంతమున నార్వేలో చేపల రోగములు ప్రబలినవి. అప్పటి పంట సుమారు 50 వేల టన్నులు మాత్రమే. దానికై వాడిన యాంటీబయాటిక్ మందులు సుమారు 50 టన్నులు! పిమ్మట టీకాలు వచ్చినవి. గూళ్ల నడుమ దూరమును పాటించిరి. పంట ఎన్నో రెట్లు పెరిగినను ఇటీవలి సంవత్సరములలో ఆ మందుల వాడుక ఏడాదికి ఒక టన్నునైనను మించుట లేదు.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశము కథ వేరు. అచ్చట గూళ్లు ఒకదాని ప్రక్క నొకటిగా క్రిక్కిరిసినవి. ఎవరి గూడు వారిదే. అందరి నీటికి పెద్దదిక్కు లేకపోయెను. 2007లో సాల్మన్ రక్తహీనత అను అంటురోగము సోకినది. నీటి వెంట అది గూటి నుండి గూటికి ప్రాకినది. 2010 నాటికి పంట మూడింట రెండు వంతుల మేరకు పడిపోయి, వేలాది కూలీలకు పని పోయినది. అటుపిమ్మటనే గూళ్లను వాడలుగా విభజించి, ఒక వాడలోని వారందరును ఒకేసారి ఖాళీచేయవలెనను నియమము తెచ్చిరి. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునను మన సామెతకు ఇంతకన్న సాక్ష్యమేల?

నార్వేలో మన పంచాయతీల వంటి స్థానిక సంస్థలే తమ తీరపు నీటిలో గూళ్లు ఎచ్చట ఉండవచ్చునో ప్రణాళికలో నిర్ణయించును. కొత్త అనుమతుల వలన వచ్చు సొమ్ములో వానికి భాగము కలదు. పంటకును పంటకును నడుమ కనీసము రెండు నెలలు నీటిని ఖాళీగా విడువవలెను. చేపలను పట్టి పీడించు సముద్రపు పేలను క్రమముగా లెక్కించి, ఆ లెక్కను ప్రభుత్వమునకు తెలుపవలెను. అయినను వారి చిక్కులు తీరలేదు. 2023లో సముద్రపు గూళ్లలో నూటికి 15కు మించిన చేపలు చనిపోయినవి. కట్టుబాటున్నచోటనే ఇట్లున్నచో, లేనిచోట చెప్పవలెనా?

ఇక మన సంగతి. నార్వే విద్య మనకు ఇదివరకే ఒక మేలు చేసినది. సాల్మనులో మేలుజాతిని ఎంచు పద్ధతిని శీలావతికి అన్వయించి, ఆ దేశపు శాస్త్రజ్ఞుల సహకారముతో భువనేశ్వరమునందలి కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ వారు త్వరగా పెరుగు ‘జయంతి రోహు’ను 1997లో విడుదల చేసిరి. మన రైతులు దానిని ఎరుగుదురు. విత్తనమును గ్రహించితిమి, కట్టుబాటును ఇంకను గ్రహింపవలసియున్నది. 1994లో మన కోస్తాలో రొయ్యలకు తెల్లమచ్చ రోగము వచ్చినప్పుడు ఎన్ని కుటుంబములు అప్పుల పాలైనవో మీలో పెద్దలు మరువలేదు. ఒకరి చెరువు నుండి వదలిన నీరే మరొకరి చెరువునకు తోడుకొను నీరైనచో, రోగమునకు దారి చూపవలసిన పనిలేదు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో మత్స్యపరిశ్రమ గూడ కలదు. కావున ఇది మీ బాధ్యతయే. మీ గ్రామమున ఏ కాలువపై ఎన్ని చెరువులున్నవో పట్టిక వ్రాయించుడు. నీరు వచ్చు తూము, పోవు తూము వేరుగా ఉండునట్లు చూడుడు. రోగము కనబడిన దినముననే ఇరుగుపొరుగు వారికిని మత్స్యశాఖకును తెలుపవలెనని తీర్మానించుడు. రోగపు నీటిని కాలువలోనికి వదలరాదు. చచ్చిన చేపలను గట్టున పారవేయరాదు. సున్నము చల్లి పూడ్పించుడు. ఒకే కాలువపై ఉన్నవారందరును ఒక్కసారి చెరువు లెండగట్టునట్లు ఒప్పించుడు. దాచినవానికి అవమానము, చెప్పినవానికి గౌరవము కలుగునట్లు సభలో మాటలాడుడు.

చెరువు ఎవరి సొత్తైనను కాలువ అందరిది. ఈ యొక్క మాటను మీ ఊరివారి మనస్సున నాటగలిగినచో ఈ దినమున మనము గడపిన గంట సార్థకమగును. సెలవు.