ఇంకో చాప పట్టే చోటు

(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మాలాంటి మాస్టర్లు బాగా చదవండి, ఊరికి పేరు తీసుకురండి అని చెప్పి కూర్చుంటారు. ఆ మాట మీ ఇళ్ళలో రోజూ వింటూనే ఉన్నారు. అందుకని నేను వేరే సంగతి మాట్లాడతానని కార్యదర్శి గారికి ముందే చెప్పాను. పెద్ద జబ్బు చేసిన పిల్లవాణ్ణి తీసుకుని పట్నం ఆస్పత్రికి వెళ్ళిన తల్లిదండ్రులు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారు? ఇదే నేను మాట్లాడదలచుకున్న సంగతి.

2012లో మా అమ్మాయి కొడుక్కి ఆరేళ్ళు. వారాల తరబడి జ్వరం, ఒంటి మీద కమిలినట్టు మచ్చలు. సింధనూరులో చూపించాం. రాయచూరులో రక్తపరీక్ష చేసి వెంటనే బెంగుళూరు తీసుకెళ్ళమన్నారు. అక్కడ రక్త క్యాన్సర్ అని తేల్చారు. మా అమ్మాయి ఆ మాట వినగానే కింద కూర్చుండిపోయింది. డాక్టరు గారు ఓపికగా చెప్పారు. "పిల్లల్లో వచ్చే ఈ రకం చాలామందికి నయమవుతుంది. కాని రెండున్నరేళ్ళ వైద్యం. మొదటి ఆరేడు నెలలు ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండాలి. మధ్యలో మాత్రం ఆపకండి."

మందుల ఖర్చు ప్రభుత్వ పథకం కింద జరిగిపోయింది. గండం గడిచిందనుకున్నాం. అసలు లెక్క అప్పుడు మొదలైంది. పిల్లవాణ్ణి రోజూ ఆస్పత్రిలో ఉంచుకోరు. మందు ఎక్కించి పంపిస్తారు, రెండు రోజులకు మళ్ళీ రమ్మంటారు. ఊరికి రావాలంటే రాత్రంతా బస్సు. దగ్గర్లోని సత్రంలో ఖాళీ లేదు. చివరికి ఒక చిన్న లాడ్జిలో రోజుకు 350 రూపాయలకు గది తీసుకున్నాం. ఆరు నెలలకు 63 వేలు. మా అల్లుడు కౌలు రైతు. నా పెన్షన్ లేకపోతే ఆ పిల్లవాడి వైద్యం రెండో నెలలోనే ఆగిపోయేది.

ఇప్పుడు ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్తాను.

అదే వార్డులో దేవదుర్గ తాలూకా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. కన్నడం వాళ్ళు, కూలి చేసుకుని బతికేవాళ్ళు. వాళ్ళ పాపకూ అదే జబ్బు. రాయచూరు జిల్లా వాళ్ళమని తెలిశాక ఆయన నన్ను "మేష్ట్రే" అని పిలిచి ప్రతి కాగితం నా చేత చదివించుకునేవాడు. రాత్రిపూట ఆ ముగ్గురూ ఆస్పత్రి గేటు బయట చెట్టు కింద పడుకునేవాళ్ళు. పక్కనే రోడ్డు, దోమలు, వాన. రెండు నెలలు అలాగే గడిపారు. ఒకరోజు ఆయన వచ్చి, "మేష్ట్రే, ఊరికి పోయి నాలుగు రోజుల్లో వస్తాం" అన్నాడు. నేను సరేనన్నాను. వాళ్ళు మళ్ళీ రాలేదు.

మా లాడ్జి గదిలో ఇంకో చాప పట్టేది. నేను పిలవలేదు. మన పిల్లవాడికే దిక్కులేకుండా ఉందని నాకు నేను చెప్పుకున్నాను. వాళ్ళ ఊరి పేరు కూడా సరిగా రాసి పెట్టుకోలేదు. నా మనవడు ఈ రోజు డిగ్రీ చదువుతున్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా ఆ పాప గుర్తుకొస్తుంది.

బస కూడా వైద్యమే

ఆ తర్వాత ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలు, 19 ఏళ్ళ లోపు యువకులు క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో వారిలో 80 శాతానికి పైగా బతికి బట్టకడుతున్నారు. పేద, మధ్యతరగతి దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కూడా దాటడం లేదు. ఆలస్యంగా గుర్తించడం, మందులు దొరక్కపోవడం వంటి కారణాలతో పాటు వైద్యం మధ్యలో మానేయడాన్ని కూడా ఆ సంస్థ ఒక ముఖ్య కారణంగా చెప్తోంది. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం పిల్లలు బతకాలని 2018లో ఒక లక్ష్యం పెట్టుకున్నారు.

మానేసేవాళ్ళు బిడ్డ మీద ప్రేమ లేక మానేయరు. కూలి పోతుంది, ఇంటి దగ్గర మిగతా పిల్లలు ఉంటారు, పట్నంలో తల దాచుకునే చోటు ఉండదు.

ఇంకో విషయం కూడా తెలుసుకోండి. కీమో మందులు జబ్బు కణాలతో పాటు ఒంట్లో రోగాలతో పోరాడే తెల్ల కణాలను కూడా తగ్గించేస్తాయి. ఆ రోజుల్లో పిల్లవాడికి 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అది ప్రమాదమే. తెల్లవారే దాకా చూద్దామంటే కుదరదు, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. కాచిన నీళ్ళు, అప్పుడే వండిన అన్నం, శుభ్రమైన మరుగుదొడ్డి, జనం ఒత్తిడి లేని గది ఇవన్నీ కావాలి. చెట్టు కింద పడుకున్న బిడ్డకు ఇవెక్కడి నుంచి వస్తాయి? అందుకే బస కూడా వైద్యంలో భాగమేనని నేనంటాను.

ఈ సంగతి అమెరికాలో ఒక పిల్లల డాక్టరమ్మ పట్టించుకున్నారు. ఫిలడెల్ఫియాలో ఆడ్రీ ఇవాన్స్ అనే ఆమె, పిల్లల తల్లిదండ్రులు ఆస్పత్రి కుర్చీల్లో నిద్రపోవడం చూసి, వాళ్ళకు దగ్గర్లో ఒక ఇల్లుండాలని పట్టుబట్టారు. అదే సమయంలో ఫ్రెడ్ హిల్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి కూతురికి రక్త క్యాన్సర్ వచ్చింది. ఆయన జట్టు, మెక్‌డొనాల్డ్స్ హోటళ్ళ వాళ్ళు కలిసి డబ్బు పోగుచేశారు. 1974లో అక్కడ మొదటి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ తెరిచారు. తర్వాత ఆ ఇళ్ళు ఎన్నో దేశాలకు పాకాయి.

మన దేశంలో 2006లో ముంబయిలో సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు మొదలయ్యాయి. క్యాన్సర్ వైద్యానికి వచ్చిన పిల్లలకు, తల్లిదండ్రులకు ఉచితంగా బస ఇస్తారు. ఒక్కో కుటుంబానికి వేరే చోటు, వంటకు వేరే పొయ్యి, పిల్లలకు చదువు, ఆట. హైదరాబాదులో కూడా ఈ సెంటర్లున్నాయి. ఆస్పత్రి సిఫారసు మీద చేర్చుకుంటారు. బెంగుళూరు కిద్వాయి ఆస్పత్రి ఆవరణలోనూ ధర్మశాల ఉంది. ఇవి ఉన్నాయని తెలియకపోవడం వల్లనే చాలామంది మొదటి నెలలోనే చేతిలో ఉన్నది లాడ్జికి పోస్తారు.

మనకు కొత్త కాదు

సత్రం కట్టించడం మనవాళ్ళకు కొత్త సంగతి కాదు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబాలకు డొక్కా సీతమ్మ గారి పేరు చెప్పనక్కర్లేదు. లంకల గన్నవరంలో ఆ తల్లి ఏ వేళకు వచ్చిన బాటసారికైనా అన్నం పెట్టింది. 1909లో ఆమె కన్నుమూశారు, పేరు మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. మన రాయచూరు నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో, పల్లెల నుంచి హైదరాబాదుకు చదువుకు వచ్చే పిల్లలకు ఉండే చోటు లేదని 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు రెడ్డి హాస్టల్ నెలకొల్పారు. ఆ బసే లేకపోతే ఎంతమంది చదువు ఆగిపోయేదో ఆలోచించండి.

మన క్యాంపుల కథ కూడా అంతేగా! తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళను నమ్ముకుని మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు సొంత పాక వేసుకునే దాకా ముందొచ్చిన వాళ్ళ పాకలోనే పడుకున్నామని మా అమ్మ చెప్పేది. ఆ పాకలో వాళ్ళకే చోటు చాలేది కాదట. అయినా ఇంకో చాప వేశారు.

పెద్దలకు ఒక మనవి, పిల్లలకు ఒక పని

ట్రస్టు పెద్దలను ఒకటి అడుగుతున్నాను. బెంగుళూరులో కిద్వాయి, నిమ్హాన్స్, ఇందిరాగాంధీ పిల్లల ఆస్పత్రి ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. ఆ చుట్టుపక్కల రెండు గదులు, ఒక వంటిల్లు ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. మొదటి నెల అద్దె నా పెన్షన్ నుంచి ఇస్తాను. ఆ ఇంటికి వచ్చిన వాళ్ళను కులం అడగవద్దు, భాష అడగవద్దు. రాయచూరు జిల్లా బిడ్డ, వైద్యం జరుగుతోంది, అంతే చాలు. మన ట్రస్టు డబ్బు మనవాళ్ళకే అని కొందరు అనవచ్చు. వాళ్ళ మాటలోనూ న్యాయముంది, మీరు చెమటోడ్చి ఇచ్చిన డబ్బది. కాని ఆ దేవదుర్గ పాప తండ్రి తాగిన నీళ్ళూ, మన పొలాలకు పారే నీళ్ళూ ఈ జిల్లావే.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు. ఆస్పత్రిలో చేరిన మొదటి రోజే మెడికల్ సోషల్ వర్కర్ ఎక్కడుంటారో అడగండి. బస, భోజనం, సాయం సంగతులు వాళ్ళకు తెలుసు. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ ఉంది. ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపించాలి. పిల్లవాడు కాస్త తేరుకున్నాడని వైద్యం ఆపవద్దు. ఊరికి రాక తప్పకపోతే డాక్టరుకు చెప్పి, తిరిగి రావలసిన తేదీ రాయించుకుని రండి. సాయం అడగడానికి సిగ్గుపడకండి. మీ పిల్లలు ఈ రోజు స్కాలర్‌షిప్పు తీసుకుంటున్నారు, అందులో సిగ్గేముంది?

విద్యార్థులారా, మీలో చాలామంది పి.యు.సి. తర్వాత బెంగుళూరుకో హైదరాబాదుకో వెళ్తారు. ఆ ఊళ్ళ దారులు, బస్సు నెంబర్లు మీకు తెలుస్తాయి. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడూ వస్తాయి. మన జిల్లా నుంచి ఒక కుటుంబం ఆస్పత్రికి వచ్చిందని తెలిస్తే ఆదివారం ఒక గంట వెళ్ళండి. కాగితాలు చదివి పెట్టండి. వాళ్ళ ఊరి పేరు, ఫోన్ నెంబరు రాసుకోండి. నాలుగు రోజుల్లో వస్తామని వెళ్ళినవాళ్ళు ఐదో రోజుకు రాకపోతే ఫోన్ చేయండి. నేను చేయనిది ఆ ఒక్క పనే.

ఆ ఇంటికి తాళం చెవి ఎప్పుడు తీసుకుందామో పెద్దలు ఈ సభలోనే చెప్తారని ఆశిస్తున్నాను.