మైకు మన నోటి దగ్గరికి రావాలి

(నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల కళాబృందాల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మైకు స్టాండు గురించి ఒక పూట తరగతా అని కొందరు నవ్వినారు. నవ్వండి, తప్పు లేదు. కానీ ఒక మాట చెప్పండి. పోయిన ఏప్రిల్ 14న మీ ఊర్లో మైకు ఎవరిది? స్టాండు ఎవరిది? అద్దె ఎవరి చేతిలో పెట్టినారు? అద్దెకిచ్చే ఆయన రానంటే ఆ సభ జరిగేదేనా? జవాబులు మీకు తెలుసు. అందుకే ఈ తరగతి.

మన తాతలు ఊర్లో చాటింపు వేసినారు. డప్పు మనది, గొంతు మనది, ఎండలో తిరిగిన కాళ్లు మనవి. మాట మాత్రం మనది కాదు. పన్ను కట్టమని, వెట్టికి రమ్మని ఊరి పెద్దలు చెప్పిన మాటనే మన గొంతు మోసింది. ఆ దండోరా అనే మాటనే 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమం తన పేరుగా పెట్టుకుంది. అంతకు ముందే 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినాయి. ఆ నెత్తుటి వార్తను వాడవాడకూ మోసింది పాట. ఇప్పుడు గొంతూ మనదే, మాటా మనదే. కానీ ఆ మాట నాలుగు వీధులకు వినపడాలంటే ఇంకా ఇంకొకరి గడప ముందు నిలబడతా ఉన్నాము. ఇదీ సంగతి.

ఈ చుట్టుపక్కల ఊర్లలోనే ఒక చోట జయంతికి ముందు రోజు సాయంత్రం మైకు సెట్టు ఆయన బయానా తెచ్చి వాపసు ఇచ్చినాడు. "నాకేం లేదు సారూ, ఊర్లో బతకాల కదా" అన్నాడు. ఎవరు చెప్పినారో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. మరుసటి రోజు ఉత్త గొంతుతో సభ జరిపినాము. ముందు రెండు వరసలకు వినపడింది. వెనక నిలబడిన ఆడవాళ్లకు పెదవులు కదలడమే కనపడింది.

అట్లాంటి చోట చట్టం ఏం చెప్తుందో తెలుసుకోండి. అంటరానితనం పేరుతో వస్తువు అమ్మనన్నా, సేవ చేయనన్నా 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 6వ సెక్షన్ కింద నేరం. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చేయడం, చేస్తామని బెదిరించడం కూడా నేరమేనని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ చేర్చింది. కేసు పెట్టాల్సిన చోట పెట్టాల్సిందే. కానీ కేసు తేలేదాకా పాట ఆగదు కదా. అందుకని సొంత సామాను ఉండాల. పెద్ద సెట్టు ఒక్కసారిగా కొనలేము. స్టాండుతో మొదలుపెడదాము.

చేతిలో పట్టుకునే వైర్లెస్ మైకులు వచ్చినాయి, ఇంక స్టాండు దేనికి అని పిల్లోళ్లు అడుగుతారు. డప్పు కొట్టేవానికి రెండు చేతులూ డప్పు మీదనే ఉంటాయి. బుర్రకథ చెప్పే ఆయనకు తంబురా ఉంది, వంతలకు డక్కీలు ఉన్నాయి. చంకలో బిడ్డతో పాడే అక్కకు ఖాళీ చెయ్యి ఏది? మైకు పట్టే మనిషి లేనప్పుడు స్టాండే ఆ మనిషి.

గుర్రం జాషువా శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో చేరి ఊరూరా మోగినాయి. వన్స్ మోర్ కొట్టి విన్న జనమే ఆ కవిని కులం అడిగి దూరం నిలబెట్టినారు. పద్యం కావాల, మనిషి వద్దు! మన వేదిక మీద అట్లా జరగకూడదు. పాట ఎంత ముఖ్యమో పాడే మనిషి అంత ముఖ్యం. చూడండి, నాయకుడు ఆరడుగుల మనిషి. ఆయన ఎత్తుకు బిగించిన స్టాండు ముందుకు అయిదడుగులు లేని అక్క వస్తుంది. ఎవరూ దించరు. ఆమె మునివేళ్ల మీద నిలబడి గడ్డం ఎత్తి పాడుతుంది. పాట సగం గాల్లోకి పోతుంది. తర్వాత "ఆడపిల్ల గొంతు చిన్నది" అంటారు. గొంతు చిన్నది కాదు, స్టాండు ఎత్తు తప్పు. మనిషి మైకు కోసం వంగకూడదు, సాగకూడదు. మైకే మనిషి నోటి దగ్గరికి రావాల. ప్రతి బృందంలో ఒకరు ఇదే పనిగా ఉండి, మనిషి మారినప్పుడల్లా ఎత్తు మార్చాల. మూడు అడుగుల దాకా దిగేది, అయిదు అడుగులు దాటి లేచేది కొనండి. కూచుని పాడే అవ్వకు అడ్డచెయ్యి ఉన్న స్టాండు పెట్టండి.

ఇంక రకాలు. ఒకటి దిమ్మ స్టాండు. కింద గుండ్రటి ఇనుప దిమ్మ, మధ్యలో నిలువు గొట్టం. చదునైన వేదిక మీద గట్టిగా నిలబడుతుంది, చోటు తక్కువ పడుతుంది. ఆళ్లగడ్డ శిల్పుల పని చూసినోళ్లకు ఈ సూత్రం చెప్పే పని లేదు. విగ్రహం ఎంత పొడుగైతే పీఠం అంత వెడల్పు, అంత బరువు. కానీ దిమ్మ మోత బరువు. రెండోది ముక్కాలి స్టాండు. మడిస్తే చంకలో పట్టుకోవచ్చు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు బస్సులోనో మోపెడ్ మీదనో పోయే బృందానికి ఇదే మేలు. కాళ్లు పూర్తిగా చాపి పెట్టాల. సగం చాపితే గాలికే పడుతుంది.

మనది నల్లరేగడి నేల. వాన పడితే ముక్కాలి కాళ్లు ఒకటి దిగి ఒకటి లేచి స్టాండు ఒరుగుతుంది. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాయి మన దగ్గర ఏ ఇంటి ముందరైనా దొరుకుతుంది. మూడు ముక్కలు తెచ్చి కాళ్ల కింద పెట్టండి. గాలి ఉంటే ఇసుక సంచి ఒకటి కాళ్ల మధ్య వేలాడదీయండి. అడ్డచెయ్యి వాడేటప్పుడు ఆ చెయ్యి ఏ వైపు చాచినారో ఆ వైపే ఒక కాలు ఉండాల. రెండు కాళ్ల సందు వైపు చాస్తే మైకు బరువుకు మొత్తం బోర్లా పడుతుంది.

కొనేటప్పుడు బిగింపులు చూడండి. అన్నిటికన్నా ముందు పగిలేది ప్లాస్టిక్ బిగింపే. ఇనుముతోనో గట్టి లోహంతోనో చేసినది అడగండి. మైకు క్లిప్పు మరలు రెండు కొలతల్లో వస్తాయి, 5/8 అంగుళం, 3/8 అంగుళం. ఒకటి ఇంకొకదానికి పట్టదు. మధ్యలో వేసే చిన్న ఇత్తడి బుష్ ఒకటి ఎప్పుడూ సంచిలో పెట్టుకోండి. అది లేకనే సభ ముందర మైకును గుడ్డపీలికతో కట్టే గతి పడుతుంది.

కొనే డబ్బు లేకపోతే చేయించుకోవచ్చు. గుజరీ అంగట్లో పాత బండి బ్రేకు డిస్కు దొరుకుతుంది. అది దిమ్మ. ఒకదాంట్లో ఒకటి జారే రెండు గొట్టాలు అంగట్లోనే దూర్చి చూసి తెచ్చుకోండి. పై గొట్టం నిలవడానికి కింది గొట్టానికి రంధ్రం వేసి నట్టు వెల్డింగ్ పెట్టించండి. చేత్తో తిప్పే రెక్కల బోల్టు వేస్తే స్పానర్‌తో పని లేదు. కిందకు సైకిలు ట్యూబు ముక్క అంటిస్తే వేదిక చప్పుడు మైకులోకి ఎక్కదు. మన వాడల్లో వెల్డింగ్ తెలిసిన పిల్లోళ్లు ఉన్నారు. వాళ్ల పనికి కూలి ఇచ్చి చేయించండి. ఉద్యమం పేరుతో వెట్టి చేయించవద్దు.

డప్పుకు ఒక స్టాండు వేరేగా ఉండాల. నడుము ఎత్తున, డప్పుకు మూరెడు దూరంలో పెట్టండి. పాడే గొంతుకు మూడు నాలుగు వేళ్ల దూరం చాలు. సౌండు బాక్సులు మైకు కంటే ముందు వరసలో, జనం వైపు తిరిగి ఉండాల. బాక్సు సౌండు మళ్లీ మైకులోకి పోతే కూత పుడుతుంది. డప్పులు కాచుకునే మంట దగ్గర వైర్లు పరచవద్దు. స్టాండు దగ్గర వైరును ఒక చుట్ట వదులుగా వదిలి కాలికి కట్టండి. ఎవరి కాలైనా తగిలినా స్టాండు పడదు.

ఇది ప్రాణం మాట, బాగా వినండి. స్టాండు ఇనుము, మైకు ఇనుము, నేల తడి. ఆంప్లిఫయర్‌కు ఎర్తు లేకపోతే పాడే మనిషి పెదవికే కరెంటు తగులుతుంది. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు ఉన్న సాకెట్టు లేకుండా మైకు పెట్టవద్దు. నమ్మకం లేని చోట బ్యాటరీతో నడిచే పెట్టె వాడండి.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాల. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మోగించకూడదు. దరఖాస్తు ముందే ఇచ్చి, ముద్ర వేసిన నకలు జేబులో పెట్టుకోండి. మన సభ ఆపడానికి సాకు వెతికేవాళ్లకు ఆ సాకు మనమే ఇవ్వకూడదు.

సభ అయినాక బురద తుడవండి. బిగింపు వదులు చేసినాకనే గొట్టం జరపండి. జారే చోట నూనె పూయవద్దు, పట్టు పోతుంది. టార్పాలిన్ గుడ్డతో సంచి కుట్టించండి. స్టాండు ఎవరింట్లో ఉందో, ఏ ఊరికి పోయిందో పుస్తకంలో రాయండి. ఒక నాయకుని ఇంట్లోనే ఉండిపోతే అది మళ్లీ ఇంకొక గడపే అవుతుంది. మూడు నెలలకు ఒక వాడ, మాల వాడైనా మాదిగ వాడైనా, వంతు ప్రకారం ఉంచుకోవాల. తాళం ఆడవాళ్ల చేతికి ఇవ్వండి.

ఈ తరగతి నుంచి పోయేటప్పుడు ప్రతి బృందం ఒక పని ఒప్పుకోని పోవాల. వచ్చే ఏప్రిల్ 14 లోపల రెండు స్టాండులు, ఒకటి గొంతుకు, ఒకటి డప్పుకు. పది ఇండ్లు కలిస్తే అయ్యే ఖర్చే ఇది. ఆ రోజు మొట్టమొదట స్టాండు ముందుకు వచ్చేది ఇంతవరకు మైకు పట్టని మనిషై ఉండాల. ఆ మనిషి ఎత్తుకు స్టాండు దించండి.

జై భీమ్.