మస్టరులో లేని పేర్లు
(హనుమంతునిపాడు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడతాననుకున్నవారు మన్నించాలి. యుద్ధ నేరాల చట్టాల మీద మాట్లాడమని కార్యదర్శి గారి ఆజ్ఞ. నేను లాయరును కాను, గుమాస్తాను. గుమాస్తాకు తెలిసినట్టే చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కరువు పనుల దగ్గర మస్టరు రాయడానికి నన్ను వేశారు. ఒక ముసలాయన వారం రోజులు మట్టి మోశాడు. ఆయన పేరు ఎక్కించడం నేను మరిచాను. బట్వాడా రోజున డబ్బు రాలేదు. "నేను పోసిన మట్టి అదుగో కట్ట మీదే ఉంది గదయ్యా" అన్నాడు. "మస్టరులో లేదు తాతా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

1942లో జపాను సైన్యం మలయా, బర్మాలను ఆక్రమించింది. ఆ ఏడు ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నాం. బర్మాలోని తన దళాలకు సరుకులు చేర్చడానికి జపాను సయాం నుంచి అడవుల్లో, కొండల్లో 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించి 1943 అక్టోబరుకు పూర్తి చేసింది. 60,000 మందికి పైగా బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి యుద్ధఖైదీలను ఆ పనిలో పెట్టారు. వారిలో 12,000 మందికి పైగా చనిపోయారు.

ఖైదీలు కాక ఆసియా కూలీలు సుమారు రెండు లక్షల మంది. బర్మా వారు, జావా వారు, మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, వారితోపాటు మన తెలుగువారు. ఆ తెలుగువారు ఎక్కువగా ఉత్తర కోస్తా నుంచి తోట పనికి వెళ్లిన కుటుంబాలు. వాన పడకపోతే మూట కట్టుకుని పోవడం ఎట్లా ఉంటుందో మన పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు. కలరాతో, ఆకలితో, దెబ్బలతో చనిపోయిన కూలీలు 90,000 వరకు అని ఒక అంచనా.

అంచనా అన్నాను, గమనించండి. ఖైదీలకు వెంట ఆఫీసర్లు, డాక్టర్లు ఉన్నారు. దొంగచాటుగానైనా చనిపోయినవారి జాబితాలు రాసుకున్నారు. థాయిలాండులోని కాంచనబురి శ్మశానంలో దాదాపు 7,000 సమాధులున్నాయి, పేర్లు చెక్కి ఉన్నాయి. కూలీలను గుంటల్లో మూకుమ్మడిగా పూడ్చారు. రాసినవాడు లేడు.

చట్టం కూడా అట్లాగే నడిచింది. 1864 జెనీవా ఒప్పందం గాయపడిన సైనికుడి కోసం. 1929 ఒప్పందం యుద్ధఖైదీ కోసం. దాని మీద జపాను సంతకం పెట్టింది గాని ధ్రువీకరించలేదు. 1907 హేగ్ నిబంధనల్లో ఆక్రమిత ప్రాంతాల ప్రజలకు కొంత రక్షణ ఉంది గాని, యూనిఫారం లేని కూలీకి వివరమైన ఒప్పందమంటూ ఏదీ లేదు.

1946 మే నెలలో మొదలైన టోక్యో విచారణకు 1948 నవంబరులో తీర్పు వచ్చింది. అందులో ఈ రైలు మార్గం ప్రస్తావన, కూలీల చావుల ప్రస్తావన రెండూ ఉన్నాయి. ఏడుగురిని ఉరితీశారు. మన దేశపు న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ మాత్రం ముద్దాయిలందరూ నిర్దోషులే అని విడిగా తీర్పు రాశారు. అత్యాచారాలు జరగలేదని ఆయన అనలేదు, గెలిచినవారు వేసిన ఈ కోర్టుకు చట్టబద్ధత ఎక్కడిదని అడిగారు. ఆ ప్రశ్న సబబే. కాని తోట కూలీ తరఫున అడిగినవారెవరు అని నాకనిపిస్తుంది.

1949 ఆగస్టు 12న కుదిరిన నాలుగో జెనీవా ఒప్పందం పూర్తిగా పౌరుల కోసం. ఆక్రమిత ప్రాంతపు జనాన్ని బలవంతంగా తరలించరాదని 49వ అధికరణం చెబుతుంది. పని చేయించుకుంటే న్యాయమైన కూలి ఇవ్వాలని, వీలైనంతవరకు వారి మామూలు పనిచోటనే ఉంచాలని 51వది చెబుతుంది. ఆ రెండూ చదివితే సయాం రైలు పట్టాలు కళ్లముందు కనిపిస్తాయి.

మన దేశం 1950లో ఆ నాలుగు ఒప్పందాలనూ ఒప్పుకుని, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. 3వ సెక్షను ప్రకారం రక్షిత వ్యక్తిని కావాలని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం. నేరం దేశం బయట జరిగినా వర్తిస్తుంది. అయితే 17వ సెక్షను చూడండి. ప్రభుత్వం గాని, అది నియమించిన అధికారి గాని ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకోవాలి. బాధితుడు నేరుగా పోవడానికి లేదు. అర్జీ ఎవరు పెట్టాలన్న చోటే చాలా ఫైళ్లు ఆగిపోతాయని మన అందరికీ అనుభవమే. 1998 రోమ్ ఒప్పందంతో ఏర్పడిన అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2002లో మొదలైంది. అందులో మనం చేరలేదు.

1960 చట్టం ప్రతి నా దగ్గర ఉంది. ఒప్పందాల పాఠం కూడా షెడ్యూళ్లలో ఉంది. చదవదలచినవారు తీసుకువెళ్లవచ్చు. పుస్తకంలో సంతకం పెట్టి మరీ తీసుకోండి.